పిల్లల్ని కొడితే నేరమా? టీచర్‌కు వద్దన్న చట్టం.. అమ్మానాన్నల విషయంలో ఏం చెబుతోంది?

హోంవర్క్ చేయలేదని బడిలో టీచర్ చెంపదెబ్బ కొడితే అది చట్ట ఉల్లంఘన. చిల్డ్రన్ హోమ్‌లో సిబ్బంది కొడితే 10 వేల రూపాయల జరిమానా, మళ్లీ కొడితే జైలు కూడా పడొచ్చు. అదే హోంవర్క్ కోసం సాయంత్రం ఇంట్లో నాన్న అదే చెంప మీద కొడితే? ఆ దెబ్బను పేరుపెట్టి నిషేధించిన చట్టం మన దేశంలో ఇప్పటిదాకా లేదు. అలాగని ఎంత కొట్టినా చట్టం ఊరుకుంటుందా అంటే అదీ కాదు.

పిల్లలకు వాతలు పెట్టారని, బెల్టుతో కొట్టారని, మార్కులు తగ్గాయని చావబాదారని వార్త వచ్చిన ప్రతిసారీ ఇదే చర్చ మొదలవుతుంది. తల్లిదండ్రులు కొట్టడాన్ని కూడా చట్టం నిషేధించాలా? ప్రపంచంలో 65కి పైగా దేశాలు ఇప్పటికే ఆ పని చేశాయి. మన దగ్గర మాత్రం ప్రశ్న అలాగే ఉంది. అసలు ప్రస్తుత చట్టాలు ఏం చెబుతున్నాయి? నిషేధం కావాలనే వాళ్లు, వద్దనే వాళ్లు ఏమంటున్నారు? నిషేధించిన దేశాల్లో ఏం జరిగింది? ఒక్కొక్కటిగా చూద్దాం.

బడిలో బెత్తం ఎప్పుడు పోయింది?

ఒకప్పుడు మన వీధిబడుల్లో కోదండం వేసేవారు. పిల్లాడు దూలానికి కట్టిన తాడు పట్టుకుని గాల్లో వేలాడాలి. ఆ తర్వాతి తరాలకు చింత బరికె, బెత్తం, గోడ కుర్చీ, గుంజీలు, తొడపాశం, మొట్టికాయ అన్నీ తెలుసు. అప్పట్లో "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ" అని అమ్మానాన్నలే బడికొచ్చి చెప్పి వెళ్లేవారు.

ఈ పద్ధతికి చట్టం అడ్డుకట్ట వేసింది. 2000 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాల నిబంధనల్లో దండనకు వీలిచ్చే భాగాన్ని కొట్టేసింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నిబంధనలను సవరించి బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని సెక్షన్ 17 ప్రకారం ఏ పిల్లాడినీ శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు. అతిక్రమించిన వారిపై సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్యలు తీసుకోవాలి.

ఇక చిల్డ్రన్ హోమ్‌ల లాంటి బాలల సంరక్షణ సంస్థలకు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది. దాని సెక్షన్ 82 ప్రకారం క్రమశిక్షణ పేరుతో పిల్లల్ని కొట్టిన సిబ్బందికి మొదటిసారి 10 వేల రూపాయల జరిమానా వేస్తారు. మళ్లీ అదే పని చేస్తే 3 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం ఉంది. ఇదే చట్టం శారీరక దండనకు ఇచ్చిన నిర్వచనంలో "ఏ వ్యక్తి అయినా" క్రమశిక్షణ కోసం కావాలని పిల్లలకు నొప్పి కలిగించడం అని ఉంది. ఆ మాటలో తల్లిదండ్రులూ వస్తారు. కానీ శిక్ష వేసే సెక్షన్‌కు వచ్చేసరికి సంరక్షణ సంస్థల సిబ్బంది మాత్రమే మిగిలారు. అంటే నిర్వచనం ఇంటి లోపలికి వెళ్లింది, శిక్ష మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఇంట్లో కొడితే వర్తించే చట్టాలేంటి?

"నా పిల్లాణ్ని నేను కొట్టుకుంటా, అడగడానికి నువ్వెవరు?" అనే మాట మనం తరచూ వింటుంటాం. కానీ తల్లిదండ్రులకు కొట్టే హక్కు ఉందని ఏ చట్టంలోనూ రాసి లేదు. ఎవరినైనా కావాలని గాయపరిస్తే అది నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 115 ప్రకారం దానికి ఏడాది వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కొట్టింది కన్నవాళ్లైతే ఈ సెక్షన్ వర్తించదని అందులో ఎక్కడా లేదు.

మరి రక్షణ ఎక్కడి నుంచి వస్తోంది? అదే చట్టంలోని సెక్షన్ 27 నుంచి. పాత ఐపీసీలో ఇది సెక్షన్ 89గా ఉండేది. 12 ఏళ్ల లోపు పిల్లల మేలు కోరి, సదుద్దేశంతో సంరక్షకుడు చేసిన పని, లేదా ఆయన అంగీకారంతో వేరొకరు చేసిన పని నేరం కాదని ఈ సెక్షన్ సారాంశం.

ఈ సెక్షన్‌లో కొట్టడం అనే మాటే లేదు. 1860లో ఐపీసీ రాసినప్పుడు దీనికి ఇచ్చిన ఉదాహరణ కూడా దెబ్బల గురించి కాదు. కడుపులో రాయి ఉన్న బిడ్డకు, ప్రమాదం ఉందని తెలిసినా, వ్యాధి నయం కావాలని తండ్రి ఆపరేషన్ చేయిస్తే ఆయన నేరస్తుడు కాడు. ఇదీ ఆ ఉదాహరణ. అయితే క్రమశిక్షణ కోసం కొట్టడం కూడా బిడ్డ మేలు కోసమే కదా అనే వాదన కాలక్రమంలో ఇందులోకి వచ్చి చేరింది.

దీనికి హద్దులున్నాయి. దెబ్బ తీవ్ర గాయంగా మారితే సెక్షన్ 27 కాపాడదు. ఎముక విరగడం, పన్ను ఊడటం, చూపు లేదా వినికిడి శాశ్వతంగా పోవడం, 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉండటం లాంటివి తీవ్ర గాయాల కిందకు వస్తాయి. వీటికి 7 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. ఇంకో సంగతి. ఈ రక్షణ 12 ఏళ్ల లోపు పిల్లల విషయంలోనే. 13 ఏళ్ల అమ్మాయిని ఫోన్ చూస్తోందని కొట్టిన తండ్రి ఈ సెక్షన్‌ను అడ్డం పెట్టుకోలేడు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

కీలకం.. సెక్షన్ 75

జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 75 తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. పిల్లలు ఎవరి ఆధీనంలో ఉన్నారో ఆ వ్యక్తి వాళ్లపై దాడి చేసినా, హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వాతలు పెట్టడం, గొలుసుతో కట్టేయడం, తిండి పెట్టకుండా గదిలో బంధించడం లాంటివి ఈ సెక్షన్ పరిధిలోకి వస్తాయి.

ఐతే ఇందులో ఒక చిన్న మాట ఉంది. ఆ పని పిల్లలకు "అనవసరమైన" శారీరక లేదా మానసిక బాధ కలిగించేదిగా ఉండాలి. అనవసరం అంటే ఏంటి? ఒక దెబ్బా, పది దెబ్బలా? చేత్తోనా, అట్లకాడతోనా? ఏది హద్దు అన్నది చట్టం చెప్పదు. కేసు వచ్చాక పోలీసులు, బాలల సంక్షేమ కమిటీ, కోర్టు తేల్చాలి. అంటే దెబ్బ తగిలిన తర్వాతే హద్దు తెలుస్తుంది. నిషేధం కోరేవాళ్ల ప్రధాన అభ్యంతరం ఇక్కడే ఉంది.

మన దేశంలో పరిస్థితి ఎలా ఉంది?

కేంద్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ 2007లో ఓ పెద్ద అధ్యయనం విడుదల చేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు పిల్లలు ఏదో ఒక రూపంలో శారీరక హింసకు గురైనట్టు తేలింది. కుటుంబంలో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. ఈ అధ్యయనం పాతదే. కానీ ఇంటి లోపలి దెబ్బల గురించి ప్రభుత్వం ఇంత పెద్ద స్థాయిలో పిల్లల్నే అడిగి తెలుసుకున్న సందర్భాలు చాలా తక్కువ. అందుకే ఇప్పటికీ దీన్నే ప్రస్తావిస్తుంటారు.

ఇది ఒక్క మన దేశానికే పరిమితం కాదు. ప్రపంచవ్యాప్తంగా 2 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు, అంటే దాదాపు 30 కోట్ల మంది, ఇంట్లో పెద్దల నుంచి దెబ్బలో, అరుపులో, తిట్లో తరచూ ఎదుర్కొంటున్నారని యూనిసెఫ్ 2017లో అంచనా వేసింది. ఇంకా సరిగ్గా మాటలు కూడా రాని వయసది.

బాలల హక్కుల ఒప్పందంలో భారత్ 1992 డిసెంబర్‌లో చేరింది. పిల్లలు ఎవరి సంరక్షణలో ఉన్నా వాళ్లను అన్ని రకాల హింస నుంచి కాపాడాలని ఆ ఒప్పందంలోని ఆర్టికల్ 19 చెబుతోంది. 2014లో భారత్ నివేదికను పరిశీలించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ, ఇల్లు సహా అన్నిచోట్లా దండనను నిషేధించాలని సూచించింది. ఆ సూచన ఇంకా సూచనగానే ఉంది.

నిషేధం కావాలనే వాళ్లు ఏమంటున్నారు?

మొదటి వాదన చాలా సూటిగా ఉంటుంది. పక్కింటాయన్ను చెంపదెబ్బ కొడితే కేసు. ఆఫీసులో కింది ఉద్యోగిని కొడితే కేసు. భార్యను కొడితే గృహహింస చట్టం ఉంది. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు, తిరిగి కొట్టలేనివాళ్లు, ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియనివాళ్లు పిల్లలే. చట్టం రక్షణ వాళ్లకే అందరికంటే తక్కువగా ఉండటం ఏం న్యాయం?

రెండోది, చిన్న దెబ్బ చిన్న దెబ్బగానే ఉండిపోదన్నది. కోపంలో ఉన్న మనిషి చెయ్యి లెక్కపెట్టుకుని కొట్టదు. ఒకసారి మొట్టికాయతో మాట విన్న పిల్లాడు కొన్నాళ్లకు దానికి అలవాటు పడతాడు. అప్పుడు మొట్టికాయ బెత్తం అవుతుంది, బెత్తం బెల్టు అవుతుంది. 2023లో ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో పదేళ్ల పాప కన్నతండ్రి, సవతి తల్లి చేతుల్లో ప్రాణాలు కోల్పోయింది. పోలీసులకు ఫోన్ చేసిన తండ్రి, తాను పాపను చట్టబద్ధంగానే శిక్షించానని చెప్పుకున్నాడు. 2024 డిసెంబర్‌లో కోర్టు ఇద్దరినీ హత్యానేరం కింద దోషులుగా తేల్చింది. "సహేతుకమైన శిక్ష" అనే మినహాయింపును తొలగించాలన్న డిమాండ్ ఆ తర్వాత ఇంగ్లండ్‌లో బాగా పెరిగింది.

మూడోది, చట్టం శిక్షించడానికే కాదు, ఏది తప్పో చెప్పడానికి కూడా అన్నది. బడిలో బెత్తం ఇవాళ పూర్తిగా పోలేదు. కానీ టీచర్ కొడితే అది తప్పు అని పిల్లాడికీ, తండ్రికీ, హెడ్‌మాస్టర్‌కూ అందరికీ తెలుసు. ఆ మార్పు తేవడంలో చట్టానికి పెద్ద పాత్రే ఉంది.

వద్దనే వాళ్ల వాదనేంటి?

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను మనవాళ్లు ఊరికే చెప్పలేదంటారు వీళ్లు. కన్నవాళ్ల దెబ్బకూ బయటివాళ్ల దెబ్బకూ తేడా ఉందని, రాత్రి కొట్టిన అమ్మే తెల్లారి గోరుముద్దలు పెడుతుందని వాదిస్తారు. నడిరోడ్డు మీదకి పరిగెత్తిన మూడేళ్ల పిల్లాడికి వీపు మీద ఒకటి వేసిన తల్లిని నేరస్తురాలంటే ఎవరు ఒప్పుకుంటారన్నది వాళ్ల ప్రశ్న.

ఇంతకంటే బరువైన వాదన ఇంకొకటుంది. కొట్టిన తండ్రిపై కేసు పెడితే ఆ ఇంటి పరిస్థితేంటి? రోజుకూలితో నడిచే ఇంట్లో తండ్రి రెండు వారాలు రిమాండ్‌లో ఉంటే ఆ రెండు వారాలూ పొయ్యి ఎలా వెలగాలి? పిల్లాడి కోసం పెట్టిన కేసులో మొదట ఆకలితో పడుకునేది ఆ పిల్లాడే కావొచ్చు. పైగా "నీ వల్లే నాన్న జైలుకెళ్లాడు" అనే మాట జీవితాంతం మోయాల్సిందీ వాడే.

చట్టం అందరికీ ఒకేలా అమలవుతుందా అనే అనుమానమూ ఉంది. గేటెడ్ కమ్యూనిటీలో తలుపులు మూసిన ఫ్లాట్‌లో పడిన దెబ్బ ఎవరికీ వినిపించదు. బస్తీలో రేకుల ఇంట్లో ఏడుపు వీధంతా వినిపిస్తుంది. పోలీసులు ముందు ఎవరి ఇంటికి వెళ్తారన్నది ఊహించడం కష్టం కాదు. విడాకుల గొడవల్లో, ఆస్తి తగాదాల్లో భార్యాభర్తలు ఒకరిపై ఒకరు దీన్ని ఆయుధంగా వాడుకునే ప్రమాదం ఉందనీ కొందరు భయపడుతున్నారు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

కొడితే పిల్లలు మాట వింటారా? ఆ క్షణానికి వినొచ్చు. అసలు ప్రశ్న ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే. 50 ఏళ్లలో వచ్చిన 75 అధ్యయనాలను, 1.6 లక్షలకు పైగా పిల్లల సమాచారాన్ని కలిపి ఇద్దరు అమెరికా పరిశోధకులు 2016లో విశ్లేషించారు. వాళ్లు పరిశీలించిన 17 అంశాల్లో 13 అంశాల్లో దెబ్బలకూ చెడు ఫలితాలకూ సంబంధం కనిపించింది. దూకుడు పెరగడం, పెద్దలతో సంబంధం దెబ్బతినడం, మానసిక సమస్యలు వీటిలో ఉన్నాయి. ఈ విశ్లేషణ ముఖ్యంగా ఖాళీ చేత్తో కొట్టే మామూలు దెబ్బల గురించే. తీవ్రమైన హింసను ఇందులో కలపలేదు.

దీనిపై ఓ న్యాయమైన అభ్యంతరం వచ్చింది. దెబ్బలు తిన్నందుకు పిల్లాడు మొండివాడయ్యాడా, మొండివాడు కాబట్టి దెబ్బలు తిన్నాడా? ఏది ముందో ఎలా చెబుతారు? పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన 69 అధ్యయనాలను 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మరో సమీక్ష పరిశీలించింది. దెబ్బలు తిన్న పిల్లల్లో కాలం గడిచేకొద్దీ ప్రవర్తనా సమస్యలు పెరిగాయే తప్ప తగ్గలేదని అది తేల్చింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా పిల్లల్ని కొట్టొద్దని 2018లో తల్లిదండ్రులకు సూచించింది.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. ఇవి సగటు లెక్కలు. చిన్నప్పుడు దెబ్బలు తిన్న ప్రతివాళ్లూ చెడిపోయారని వీటి అర్థం కాదు. "మేం తిన్నాం, బాగానే ఉన్నాంగా" అనేవాళ్లు చెప్పేది నిజమే కావొచ్చు. కానీ దెబ్బల వల్లే బాగుపడ్డారని చూపించే ఆధారం మాత్రం ఈ సమీక్షల్లో దొరకలేదు. అలాగే కొట్టడం వల్ల నష్టం ఉందని తేలినంత మాత్రాన, కొట్టినవాళ్లను జైల్లో పెట్టడం మంచిదని తేలినట్టు కాదు. అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు.

నిషేధించిన దేశాల్లో ఏం జరిగింది?

స్వీడన్: తల్లిదండ్రులు కొట్టడాన్ని నిషేధించిన మొదటి దేశం ఇదే. 1979లో పార్లమెంటులో 259 మంది అనుకూలంగా, ఆరుగురు మాత్రమే వ్యతిరేకంగా ఓటేశారు. ఈ నిబంధనను క్రిమినల్ చట్టంలో కాకుండా తల్లిదండ్రుల బాధ్యతల చట్టంలో పెట్టారు. దానికి విడిగా శిక్ష లేదు. పిల్లలున్న ఇళ్లన్నిటికీ చిన్న పుస్తకాలు పంపారు. రెండు నెలల పాటు పాల ప్యాకెట్ల మీద దీని గురించే ముద్రించారు. పొద్దున్నే టిఫిన్ బల్ల దగ్గర అమ్మానాన్నా పిల్లలూ కలిసి చదివేలా అన్నమాట. ఆ తర్వాత దెబ్బలు బాగా తగ్గాయి. అయితే చట్టం రాకముందే జనం ఆలోచనలో మార్పు మొదలైందన్నదీ నిజమే.

న్యూజిలాండ్: 2007లో 113-8 ఓట్లతో చట్టం మార్చారు. ప్రమాదం నుంచి తప్పించడానికి పిల్లాణ్ని గట్టిగా లాగడం, పట్టుకోవడం నేరం కాదని స్పష్టంగా రాశారు. మరీ చిన్న విషయమైతే కేసు పెట్టకుండా వదిలేసే వెసులుబాటు పోలీసులకు ఇచ్చారు. అయినా జనం ఒప్పుకోలేదు. 2009లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసిన వాళ్లలో 87 శాతం మంది, మంచి పెంపకంలో భాగంగా వేసే దెబ్బను నేరంగా చూడొద్దన్నారు. ప్రభుత్వం ఆ ఫలితానికి కట్టుబడాల్సిన అవసరం లేదు. చట్టాన్ని అలాగే ఉంచింది.

బ్రిటన్: ఒకే దేశంలో రెండు రకాల చట్టాలు. స్కాట్లాండ్ 2020 నవంబర్‌లో, వేల్స్ 2022 మార్చిలో నిషేధించాయి. ఇంగ్లండ్‌లో, నార్తర్న్ ఐర్లండ్‌లో మాత్రం "సహేతుకమైన శిక్ష" అనే మినహాయింపును కొనసాగించారు. వేల్స్‌లో తల్లిదండ్రులను కోర్టుకు పంపే బదులు పిల్లల పెంపకంపై శిక్షణకు పంపే మార్గం కూడా పెట్టారు.

కెనడా: మధ్యేమార్గం. అక్కడి సుప్రీంకోర్టు 2004లో తల్లిదండ్రుల మినహాయింపును కొట్టేయలేదు కానీ గట్టి గీతలు గీసింది. రెండేళ్ల లోపు పిల్లల్ని, టీనేజ్ పిల్లల్ని కొట్టకూడదు. బెల్టు, కర్ర లాంటి వస్తువులు వాడకూడదు. తల మీద, చెంప మీద కొట్టకూడదు.

జర్మనీ 2000లో, జపాన్ 2020లో, దక్షిణ కొరియా 2021లో మారాయి. దక్షిణాసియాలో మొదట నిషేధించింది మన పొరుగున ఉన్న నేపాల్. అక్కడ 2018లో చట్టం వచ్చింది. కాబట్టి ఇది పాశ్చాత్య దేశాల ఆలోచన, మనకు పనికిరాదు అనే వాదన ఇప్పుడు అంత బలంగా నిలబడదు.

విదేశాల్లో తెలుగు కుటుంబాలకు ఎదురైన అనుభవం

2012 డిసెంబర్‌లో నార్వే రాజధాని ఓస్లోలోని జిల్లా కోర్టు తెలుగు దంపతులకు జైలు శిక్ష వేసింది. ఏడేళ్ల కొడుకును బెదిరించారని, హింసించారని తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు శిక్ష పడింది. పిల్లాడు బడిలో చెప్పిన మాటలతోనే వ్యవహారం బయటికొచ్చింది. అప్పట్లో తెలుగు రాష్ట్రంలో ఈ వార్త పెద్ద సంచలనం. అల్లరి చేస్తే మందలించినందుకు ఇంత శిక్షా అని బంధువులు వాపోయారు. కోర్టు మాత్రం దీన్ని మందలింపుగా చూడలేదు, పదే పదే జరిగిన హింసగా చూసింది. నార్వేలో కొట్టడంపై నిషేధం 1987 నుంచీ ఉంది.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఇంట్లో తల్లిదండ్రులు పరిమితంగా కొట్టడం 50 రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ చట్టబద్ధమే. అయితే హింస జరిగిందన్న అనుమానం వస్తే టీచర్లు, డాక్టర్లు అధికారులకు చెప్పి తీరాలి. అందుకే ఒంటి మీద దెబ్బ మచ్చతో పిల్లాడు బడికి వెళ్తే ఇంటికి విచారణ రావొచ్చు. కొత్తగా వెళ్లే తెలుగువాళ్లకు "అక్కడ పిల్లల మీద చెయ్యెత్తకండి, 911కి ఫోన్ చేస్తారు" అని ముందే వెళ్లినవాళ్లు హెచ్చరిస్తుంటారు. ఇక్కడ కొట్టకుండా పెంచలేం అన్న వాళ్లే అక్కడ కొట్టకుండా పెంచుతున్నారు. చట్టం భయం అలవాటును మార్చగలదు అనడానికి ఇదో ఉదాహరణ. అదే సమయంలో విదేశంలో తల్లిదండ్రులను వెంటాడే భయం ఎలా ఉంటుందో కూడా ఇది చెబుతోంది.

మన దగ్గర చట్టం తెస్తే ఎలా ఉండొచ్చు?

నిషేధం అనగానే జైలే గుర్తొస్తుంది. కానీ అన్ని దేశాల అనుభవం చూస్తే మూడు దారులు కనిపిస్తాయి.

ఒకటి, సెక్షన్ 27 క్రమశిక్షణ పేరుతో కొట్టడానికి వర్తించదని ఒక్క వివరణ చేర్చడం. అలా చేస్తే పిల్లలకూ పెద్దలకూ ఒకే చట్టం వర్తిస్తుంది. మరి వీపు మీద వేసిన చిన్న దెబ్బకూ కేసేనా? కాకపోవచ్చు. మామూలు మనిషి ఎవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదని న్యాయ సంహితలోని సెక్షన్ 33 ఇప్పటికే చెబుతోంది.

రెండు, స్వీడన్, జపాన్ తరహాలో శిక్ష లేకుండా నిషేధం మాత్రమే ప్రకటించడం. కొట్టడం తప్పు అని చట్టం చెబుతుంది, మిగతా పని ప్రచారం చేస్తుంది. మన దగ్గర అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు గర్భిణి దశ నుంచే ఇంటింటికీ వెళ్తున్నారు. టీకాల గురించి, పౌష్టికాహారం గురించి చెప్పే వాళ్లతోనే ఇదీ చెప్పించవచ్చు.

మూడు, కెనడాలా గీతలు గీయడం. వస్తువులతో కొట్టొద్దు, తల మీద కొట్టొద్దు, ఇన్నేళ్ల లోపు పిల్లల్ని అసలు కొట్టొద్దు అని రాసిపెట్టడం. దీనికి ఒప్పుకునేవాళ్లు ఎక్కువ మంది ఉంటారు. కానీ మిగతా దెబ్బలన్నీ సరైనవేనని చట్టమే చెప్పినట్టవుతుందన్నది దీనిపై ఉన్న విమర్శ.

ఏ దారి ఎంచుకున్నా అసలు పరీక్ష అమలు దగ్గరే. ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉండాలని చట్టంలో ఉంది. ఇంట్లో హింసకు గురైన పిల్లాడు "రక్షణ, సంరక్షణ అవసరమైన" పిల్లల కిందకు వస్తాడు. సామాజిక విచారణను 15 రోజుల్లో పూర్తి చేయాలి. పిల్లల్ని కుటుంబం నుంచి తీసి హోమ్‌లో పెట్టడం చిట్టచివరి మార్గంగానే ఉండాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఇవన్నీ సక్రమంగా జరగాలంటే కౌన్సెలర్లు కావాలి, సామాజిక కార్యకర్తలు కావాలి. వాళ్లు లేని చోట కొత్త చట్టం వస్తే ఆ ఇంటి గుమ్మంలోకి మొదట వచ్చేది కానిస్టేబుల్ మాత్రమే. అప్పుడు నిషేధం వద్దనే వాళ్ల భయాలే నిజమవుతాయి.

పక్కింట్లో పిల్లాడు దెబ్బలు తింటుంటే ఏం చేయాలి?

కొత్త చట్టం కోసం ఆగాల్సిన పనిలేదు. ఉన్న చట్టంతోనే చేయగలిగినవి ఉన్నాయి.

చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. పిల్లలు స్వయంగా చేయొచ్చు, చుట్టుపక్కల వాళ్లూ చేయొచ్చు.

పిల్లల ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే వెంటనే 112కు ఫోన్ చేయాలి.

జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, లేదా బాలల సంక్షేమ కమిటీకి నేరుగా సమాచారం ఇవ్వొచ్చు. ఫోన్ చేయగానే తల్లిదండ్రుల అరెస్టు ఖాయమనుకోవాల్సిన పనిలేదు. విచారణ, కౌన్సెలింగ్ లాంటి దారులూ ఉన్నాయి.

ఒంటి మీద మచ్చలు తరచూ కనిపిస్తే, బడి వదిలాక ఇంటికి వెళ్లడానికి పిల్లాడు భయపడుతుంటే టీచర్లు గమనించాలి. లైంగిక నేరాల విషయంలో తెలిసినవాళ్లు సమాచారం ఇచ్చి తీరాలని పోక్సో చట్టం చెబుతోంది. ఇంట్లో దెబ్బల విషయంలో అలాంటి ప్రత్యేక నిబంధన లేదు. అందుకే చాలామంది "వాళ్ల ఇంటి గొడవ మనకెందుకు" అని తప్పుకుంటారు. చెప్పకూడదని మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

ఇక తల్లిదండ్రుల విషయానికొస్తే, కోపం మీద ఉన్నప్పుడు ఆ గదిలో నుంచి రెండు నిమిషాలు బయటికి వెళ్లడం, శిక్షగా ఫోన్ సమయమో ఆట సమయమో తగ్గించడం, చెప్పిన మాట మీద నిలబడటం లాంటివి పిల్లల వైద్యులు తరచూ చెప్పే మార్గాలు. కోపం అదుపులో ఉండటం లేదని అనిపిస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. దీనికీ డబ్బులు కట్టక్కర్లేదు.